బాబాయ్ చెరువు లైటు: వోల్టేజీ లెక్కలు, ఇప్పటిదాకా అయిన పని

మొగల్తూరు దగ్గర వనామీ రొయ్యల చెరువు మీద మా బాబాయ్ వాడే మూడు పెద్ద సెల్లుల స్టీలు బ్యాటరీ లైటుని ఎల్‌ఈడీకి మారుస్తున్నాను. గొట్టం, ముందున్న అద్దం పాతవే. లోపల 2600 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ గంటల) 18650 రకం లిథియం సెల్లు ఒకటి, తెల్ల ఎల్‌ఈడీ, దాని వెనక రెండు 7135 చిప్పులున్న చిన్న బోర్డు పెట్టాను. ఒక్కో చిప్పు 350 మిల్లీ ఆంపియర్లకు మించి పోనివ్వదు. రెండూ కలిపి 700.

"గొట్టంలో ఇంకా చోటుంది కదరా, వెనకాల ఇంకో సెల్లు వేసెయ్. వోల్టేజీ పెరిగితే వెలుగూ పెరుగుద్ది" అన్నాడు బాబాయ్. పాత ఫిలమెంటు బల్బు విషయంలో ఆ మాట అక్షరాలా నిజం. వోల్టేజీ కాస్త పెంచినా వెలుగు బాగా పెరిగేది, బల్బు త్వరగా మాడేది. ఎల్‌ఈడీ లెక్క వేరు. నా దగ్గరున్న దానికి 700 మిల్లీ ఆంపియర్ల దగ్గర 3.1 వోల్టులు చాలు. అంతకు పైన వచ్చేదంతా ఈ రకం బోర్డులో వేడిగా పోతుంది.

మీటరుతో చూస్తే ఈ సంగతి తేటగా కనిపించింది. సెల్లు నిండుగా 4.2 వోల్టులు ఉన్నప్పుడు 1.1 వోల్టులు చిప్పుల మీదే పడుతున్నాయి. అంటే 0.77 వాట్లు వృథా, సామర్థ్యం 74 శాతం. సెల్లు 3.5కి దిగాక సామర్థ్యం 89 శాతానికి చేరింది. వెలుగు మాత్రం రెండుసార్లూ ఒకటే. బోర్డు లాగే కరెంటు మారదు కాబట్టి వెలిగే సమయం కూడా వోల్టేజీ మీద ఆధారపడదు: 2600ని 700తో భాగిస్తే సుమారు 3.7 గంటలు. బాబాయ్ చెప్పినట్టు రెండో సెల్లుని వరసలో వేస్తే 8.4 వోల్టులు వస్తాయి, చిప్పులు కాలిపోతాయి. వరసలోనే కావాలంటే వోల్టేజీని దించే బక్ బోర్డు పెట్టాలి. 88 శాతం సామర్థ్యం వేసుకుంటే అది రెండు సెల్లుల సగటు 7.4 వోల్టుల దగ్గర లాగేది 0.33 ఆంపియర్లే, కాబట్టి 7.8 గంటలు వెలుగుతుంది. అవే రెండు సెల్లుల్ని సమాంతరంగా కలిపి ఇప్పుడున్న బోర్డుకే ఇస్తే 7.4 గంటలు. ఆ కొద్ది తేడా కోసం బోర్డు మార్చాల్సిన పని లేదనిపించింది.

ఆ తర్వాత ఒక చిప్పుని విడదీసి 350కి తగ్గించి చూశాను. నన్ను బాగా సంతోషపెట్టింది ఇదే. కరెంటు సగమైనా ఫోన్ లక్స్ మీటరులో వెలుగు 55 శాతం దగ్గర నిలబడింది, ఎందుకంటే తక్కువ కరెంటులో ఎల్‌ఈడీ ఎక్కువ సామర్థ్యంతో పనిచేస్తుంది. కంటికైతే ఆ తగ్గుదల పెద్దగా తెలియదు. చెక్ ట్రే లేపి మేత మిగిలిందో లేదో చూడటానికీ, నీటి మీద లైటు వేస్తే ఎర్రగా మెరిసే రొయ్య కళ్ళు పట్టుకోవడానికీ అది సరిపోయింది. ఒక్క సెల్లు మీదే ఏడు గంటలు దాటింది. దూరం గట్టు చూడాలంటే 700 ఉండాల్సిందే. అందుకే రెండు నొక్కుల స్విచ్చి పెడుతున్నాను.

ఉప్పునీటి చెరువుల దగ్గర ఇంకో దొంగ ఉన్నాడు, చిలుము. అడుగు స్ప్రింగు దగ్గరే 0.2 వోల్టులు పోతున్నాయి. సెల్లు నిండుగా ఉన్నప్పుడు దీనివల్ల తేడా తెలియదు, చిప్పులు సర్దుకుంటాయి. సెల్లు 3.4కి దిగాక వెలుగు ముందే పడిపోతుంది, లోపల చార్జి మిగిలి ఉండగానే. గరుకు కాగితంతో స్ప్రింగు రుద్ది, దాని మీదుగా రాగి తీగ టంకం వేశాక ఆ నష్టం దాదాపు పోయింది. కరెంటు కొలిచేటప్పుడు మీటరు తీగలు పొట్టిగా, లావుగా ఉండాలి. సన్న తీగలే 0.1 వోల్టు తినేస్తాయి.

రెండు మామూలు (1.5 వోల్టుల) సెల్లుల లైట్లలో వోల్టేజీ పెంచే బూస్ట్ బల్బులు వద్దనుకున్నాను. సెల్లు దిగేకొద్దీ అవి ఇంకా ఎక్కువ కరెంటు లాగి, చివరిదాకా ఒకేలా వెలిగి చటుక్కున ఆరిపోతాయి. కట్లపాములు తిరిగే గట్టు మీద అలా ఆరిపోతే టెన్షనే. నా బోర్డుతో చివర్లో వెలుగు మెల్లగా తగ్గుతుంది, ఇంటి ముఖం పట్టే వ్యవధి ఉంటుంది.

ఇక మిగిలింది రెండో సెల్లు. గొట్టంలో పక్కపక్కన పట్టవు కాబట్టి 25 ఎంఎం కరెంటు పైపు ముక్కలో ఒకదాని వెనక ఒకటి పెట్టి, పక్కనున్న ఖాళీలోంచి తీగ లాగి సమాంతరంగా కలపాలి. కలిపే ముందు రెండింటి వోల్టేజీ సమానంగా ఉండాలి, లేకపోతే నిండుగా ఉన్న సెల్లు నుంచి రెండోదానిలోకి కరెంటు ఒక్కసారిగా దూకుతుంది. రెండూ చార్జరులో 4.2కి చేరాకే టంకం పెడతాను.