ముప్పై వేలలో ఒకే కెమెరా

కెమెరా కొనాలనుకునే ప్రతివాళ్లూ చివరికి స్టాఫ్‌రూమ్‌లో నా టేబుల్ దగ్గరికే వస్తారు. గుంటూరు దగ్గరి ఉప్పలపాడు పెలికాన్ల ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టినందుకు వచ్చిన తంటా ఇది. "మేడమ్, ముప్పై నలభై వేలలో అన్నిటికీ పనికొచ్చేది ఒకటి చెప్పండి" అంటారు. అన్నిటికీ అంటే ఏమిటని అడిగితే పిల్లల పుట్టినరోజులు, తిరుపతి ప్రయాణం, గృహప్రవేశం, అప్పుడప్పుడూ పూలు, పిట్టలు. ఆ పిట్టల్ని తీసేస్తే మిగతా జాబితాకి చేతిలో ఉన్న ఫోను చాలు. ఆ మాట అంటే కొందరు చిన్నబుచ్చుకుంటారు. పక్కనున్న మనిషిని, ఎదురుగా ఉన్న గోపురాన్ని తీయడానికి విడిగా కెమెరా కొనాల్సిన రోజులు పోయాయని ఎంత చెప్పినా వాళ్ల మొహంలో నమ్మకం కనిపించదు.

2010లో ప్రపంచం మొత్తమ్మీద 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు కంపెనీల నుంచి మార్కెట్‌కి వచ్చాయి. ఆ తర్వాత ఫోన్లు వాటిని మింగేశాయి. అందుకే లెన్సు మార్చే పనిలేని మంచి జూమ్ కెమెరాల కోసం వెతికితే అన్నీ పాత తేదీలే కనిపిస్తాయి. పానాసోనిక్ ఎఫ్‌జెడ్1000 వచ్చింది 2014లో. సోనీ ఆర్‌ఎక్స్10 మార్క్ 3 2016ది, మార్క్ 4 2017ది, కెనాన్ ఎస్‌ఎక్స్70 2018ది. 2025లో నికాన్ తెచ్చిన పి1100 కూడా 2018 నాటి పి1000కి చిన్నచిన్న మార్పులు చేసిందే. ఫోనుకి సరిగా చేతకాని పని ఒకటే మిగిలింది, దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపించడం. దానికోసమే ఇవి ఇంకా బతికున్నాయి.

దుకాణంలో ముందు చూపించేది జూమ్ అంకె. 60 ఎక్స్, 83 ఎక్స్, 125 ఎక్స్. పాత ఫిల్మ్ కెమెరాల లెక్కలో చెప్పాలంటే నికాన్ పి900 అయితే 2000 మి.మీ. దాకా, పి1000 అయితే 3000 మి.మీ. దాకా లాగుతుంది. చందమామ మీది గుంటలు స్క్రీన్ నిండా వస్తాయి. అది చూశాక ఎవరికైనా మనసు లాగుతుంది, నాకూ లాగింది. అయితే ఆ రెండిట్లోనూ సెన్సార్, అంటే ఫిల్ము బదులు కాంతిని పట్టే చిప్పు, సుమారు 6 మి.మీ. వెడల్పు, 4.5 మి.మీ. ఎత్తు, అంతే. సెన్సార్ అంత చిన్నదైతేనే అంత దూరం లాగే లెన్సుని చేత్తో పట్టుకునే సైజులో చేయగలరు. అయినా పి1000 బరువు 1.4 కిలోలు. ఎఫ్‌జెడ్1000లోని సెన్సార్ 13.2 మి.మీ. వెడల్పు, 8.8 మి.మీ. ఎత్తు, అంటే వైశాల్యంలో నాలుగింతలు. దాని జూమ్ 400 మి.మీ. దగ్గర ఆగిపోవడానికి కారణం అదే. సెన్సార్ పెద్దదైతే కాంతి ఎక్కువ అందుతుంది. నా బడ్జెట్‌లో అటు దూరం, ఇటు వెలుతురు, ఏదో ఒకటే దొరుకుతుంది.

నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను, అందుకని ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. మన ఎండల్లో 2000 మి.మీ. జూమ్‌కి ఏ కంపెనీ తీయలేని అడ్డంకి ఒకటుంది. ఫిబ్రవరి దాటాక పొద్దున తొమ్మిదికల్లా నేల వేడెక్కి పైన గాలి కదలడం మొదలుపెడుతుంది. వేడిగాలి ఒక తీరుగా, చల్లగాలి ఇంకో తీరుగా కాంతిని వంచుతాయి. ఎండమావుల పాఠంలో ఉన్నదే. మూడు వందల మీటర్ల అవతల ఉన్న కొంగని ఆ గాలిలోంచి తీస్తే ఈకల గీతలు కలిసిపోయి తెల్లగా ముద్దలా వస్తుంది. లక్షలు పోసి కొన్న లెన్సుకైనా మధ్యలో ఉన్నది అదే గాలి. పొద్దున్నే లేవడం, దగ్గరికి వెళ్లడం తప్ప వేరే మందు లేదు.

ఉప్పలపాడులో దగ్గరికి వెళ్లడం పెద్ద కష్టమేం కాదు. గుంటూరు నుంచి స్కూటీ మీద వెళ్లొచ్చేస్తాను. ఊరి చెరువులోని చెట్ల మీద పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్‌లు గూళ్లు కట్టుకుని, మన ఉనికిని ఏమాత్రం పట్టించుకోకుండా వాటి గోలలో అవి ఉంటాయి. గట్టు మీంచి 400 మి.మీ. సరిపోతుంది. కొల్లేరు ఒడ్డున ఆటపాకలో అయితే పడవే గూళ్ల దాకా తీసుకెళ్తుంది, అక్కడ 2000 మి.మీ. పెడితే పెలికాన్ కన్ను ఒక్కటే వస్తుంది. పులికాట్ రాజహంసల సంగతి వేరు. అవి ఒడ్డుకి బాగా దూరంగా, లోతు లేని నీళ్లలో మేస్తుంటాయి. పులికాట్ కోసమే కొనేవాళ్లయితే, వేడిగాలి మొదలయ్యేలోపు అక్కడ ఉండగలిగితే, పెద్ద జూమే కొనుక్కోమంటాను, మొహమాటం లేకుండా.

మా తమ్ముడు పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్. వాడి బ్యాగులో రెండు ఫుల్‌ఫ్రేమ్ (ఇంకా పెద్ద సెన్సార్) కెమెరాలు, ఒక 24-70 లెన్సు, ఒక 70-200 లెన్సు. నేను సెకండ్‌హ్యాండ్‌లో ఎఫ్‌జెడ్1000 కొంటానంటే పగలబడి నవ్వాడు. "అక్కా, ఆ డబ్బుకి నాకు మంచి ఫ్లాష్ ఒక్కటి కూడా రాదు."

"నీకు అన్నం పెట్టేది కెమెరా రా, నాకు పెట్టేది కాలేజీ" అన్నాను.

వాణ్ని తప్పుపట్టను. తెల్లవారుజామున మూడింటికి ముహూర్తం, మండపంలో సగం లైట్లు పసుపు, సగం తెలుపు, చుట్టాలంతా సెల్‌ఫోన్లు పట్టుకుని అడ్డం. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం ఒక్కసారే వస్తుంది. కార్డు పాడైంది, మళ్లీ తాళి కట్టండి అనలేడు కదా. అందుకే వాడి కెమెరాలో రెండు కార్డులుంటాయి, ప్రతి ఫొటో రెండిట్లోనూ పడుతుంది. ఆ రెండో కార్డు కోసం, చీకట్లోనూ తడబడని ఫోకస్ కోసం వాడు లక్షలు పెట్టాడు. ఫొటోలు అంతకుముందుకన్నా అందంగా వస్తున్నాయా అంటే వాడే నీళ్లు నములుతాడు. మొదట్లో చవక కెమెరాతో, దాంతోపాటు వచ్చిన లెన్సుతో తీసిన ఆల్బమ్‌లే నాకు ఎక్కువ ఇష్టం. అప్పట్లో మండపం బయట చెప్పుల పక్కన కూర్చుని కబుర్లాడే ముసలమ్మల్ని కూడా తీసేవాడు. ఇప్పుడు డ్రోన్ ఎగరేస్తున్నాడు.

నాకు వస్తువు తేడా బాగా తెలిసింది మా అమ్మాయి కూచిపూడి ప్రోగ్రాముల్లో. మాకు ఎప్పుడూ వెనక వరుసలే దొరుకుతాయి. అక్కడినుంచి నా ఫోనులో జూమ్ చేస్తే ముఖంలో కళ్లు, బొట్టు తప్ప ఏమీ మిగలవు. చిన్న సెన్సార్ కెమెరాల్లో చాలావాటి లెన్సు అంత జూమ్ చేసేసరికి ఎఫ్5.6 దగ్గరికి పడిపోతుంది. ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ లోపలికి వెళ్లే కాంతి తగ్గుతుంది. ఎఫ్‌జెడ్1000 చిట్టచివర కూడా ఎఫ్4 దగ్గరే ఉంటుంది. లెన్సు లోపలికి పంపేది రెండింతలు, సెన్సార్ వైశాల్యం నాలుగింతలు, మొత్తమ్మీద అందే కాంతి ఎనిమిదింతలు. ఇక్కడ చేతి నైపుణ్యం గురించి ఎన్ని కబుర్లు చెప్పినా ఆ ఎనిమిదింతలు పూడదు.

మళ్లీ అదే హాల్లో కెమెరా ఏమీ చేయలేనిదీ ఒకటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవకరకం లైట్లు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. షట్టర్ సెకనులో 1/500 వంతుకి పెడితే ఒక్కో ఫొటో ఒక్కో రంగులో వస్తుంది, చప్పుడు చేయని ఎలక్ట్రానిక్ షట్టర్ అయితే అడ్డంగా నల్లచారలూ పడతాయి. 1/100కి దించితే అవి పోతాయి, కానీ కదిలే చెయ్యి మసకబారుతుంది. కాబట్టి జతి ముక్తాయింపు పడి అమ్మాయి భంగిమలో నిలిచిన ఆ ఒక్క లిప్తలో నొక్కాలి. అది ఎప్పుడు పడుతుందో నాకు మాన్యువల్ చెప్పలేదు. రోజూ సాయంత్రం మా ఇంటి హాల్లో అమ్మాయి ప్రాక్టీసు వినీ వినీ తెలిసింది. పొయ్యి మీద పప్పు మాడినా ఆ ముక్తాయింపు మాత్రం తప్పిపోదు.

ఎఫ్‌జెడ్1000 లోపాలూ చెప్పాలి. దగ్గర దగ్గర 830 గ్రాములు, హ్యాండ్‌బ్యాగులో పట్టదు. వానకి తట్టుకునే రకం కాదు. ఎగిరే పక్షి వెంట దాని ఫోకస్ పరుగెత్తలేదు. పెలికాన్ బద్ధకంగా తేలుతుంది కాబట్టి దొరుకుతుంది, నీళ్లలోకి దూకే లకుముకి పిట్ట దొరకదు. సెకనుకి 24 ఫొటోలు తీసే ఆర్‌ఎక్స్10 మార్క్ 4 అయితే అదీ దొరుకుతుందేమో గానీ, ఆ కెమెరా నా జీతానికి దొరకదు.

పాతది కొనేవాళ్లు ముందు చూసుకోవాల్సింది దుమ్ము. జూమ్ చేసినప్పుడల్లా లెన్సు గొట్టం బయటికీ లోపలికీ తిరుగుతుంది, ఆ రాకపోకల్లో గాలితోపాటు దుమ్మూ చేరుతుంది. లెన్సు ఊడదు కాబట్టి మనం తుడుచుకోలేం, కెమెరా మొత్తం విప్పాలి. అందుకే అమ్మేవాళ్ల ఎదుటే ఎఫ్8 పెట్టి, ఫోకస్ కాస్త చెదరగొట్టి, తెల్లగోడని ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. బూడిదరంగు చుక్కలు కనిపిస్తే బేరం అక్కడితో ఆపేయండి. జూమ్‌ని ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పుతూ గరగర చప్పుడు వస్తుందేమో వినండి. బ్యాటరీ నీరసపడి ఉంటుంది, కొత్తదాని ఖర్చు ముందే లెక్కేసుకోండి. నాది 28 వేలకి దొరికింది. బ్యాటరీ, కార్డు, బ్యాగు కలిపాక ముప్పై దాటింది, ఆ దాటిన సంగతి మా ఆయనకి ఇది చదివాకే తెలుస్తుంది.