"ఎక్కడ పోయిందిరా?" - సివిల్స్ ఐదు అటెంప్టుల తర్వాత నా అనుభవం

మాది మార్కాపురం, మా నాన్న పలకల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. నేను 2020 నుంచి యూపీఎస్సీ సివిల్స్ రాస్తున్నా, ఐదు అయిపోయాయి, 2025 మే 25న ఆరోది. ఓబీసీ కాబట్టి నాకు తొమ్మిది అటెంప్టులు ఉంటాయి. నిజం చెప్పాలంటే మొదటి రెండేళ్ళు నన్ను ముంచింది ఆ తొమ్మిదే, ఇంకా ఉన్నాయిలే అన్న ధీమా.

రిజల్ట్ వచ్చిన ప్రతిసారీ మా నాన్న తిట్టేవాడు కాదు, ఓదార్చేవాడూ కాదు. "ఎక్కడ పోయిందిరా?" అని ఒక్క మాట అడిగేవాడు. నేను పేపర్ టఫ్ అనో, లక్కు లేదనో ఏదో ఒకటి చెప్పి ఫోన్ పెట్టేసేవాడిని.

మొదటిసారి కరోనా వల్ల మే 31న జరగాల్సిన ప్రిలిమ్స్, అంటే ఆప్షన్లు పెట్టే మొదటి దశ పరీక్ష, అక్టోబర్ 4కి పోయింది. నాలుగు నెలలు ఎక్స్‌ట్రా దొరికాయని సంబరపడి పాలిటీకి మూడు పుస్తకాలు, ఎకానమీకి ఇంకో మూడు, టెలిగ్రామ్‌లో వచ్చిన పీడీఎఫ్‌లన్నీ దించుకుని ఫోన్ నింపేశా గానీ ఇంట్లో టైమ్ పెట్టుకుని ఒక్క పేపర్ కూడా రాయలేదు. హాల్లో నలభయ్యో ప్రశ్న దగ్గర ఉండగా తలెత్తి చూస్తే గంట దాటిపోయింది. దాని గురించి అంతకన్నా చెప్పేదేం లేదు.

2021లో హైదరాబాద్ వచ్చి అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకున్నా, ముగ్గురం ఉండేవాళ్ళం, పొద్దున్నే చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్ళి సీటు పట్టుకోవడం అదో పోటీ పరీక్ష. అప్పుడు రూమ్‌లో ఉన్న సీనియర్ అన్న ఒకాయన "ధైర్యం చెయ్యి తమ్ముడూ, వంద ప్రశ్నల్లో 95 దాకా పెట్టాలి" అన్నాడు, నేను 96 పెట్టా. 52 రైటు, 44 తప్పు. రైటుకి రెండు మార్కులు కాబట్టి 104 రావాలి, కానీ తప్పుకి మూడోవంతు కోత కాబట్టి 29 పైనే ఎగిరిపోయి చివరికి 75 కూడా మిగల్లేదు. 2022కి ఆ దెబ్బకి భయపడి గట్టిగా తెలిసినవే పెడదామని 68 దగ్గర ఆపేశా, అప్పుడూ పోయింది. అంటే ఒక ఏడాది దూకుడు వల్ల, ఇంకో ఏడాది భయం వల్ల. ఈ లెక్కలు కూడా కోచింగ్ వాళ్ళ జవాబుల కీ పట్టుకుని వేసుకున్నవే, కమిషన్ కీ చూద్దామంటే అప్పట్లో మొత్తం ప్రాసెస్ అయిపోయి ఫైనల్ రిజల్ట్ వచ్చాకే పెట్టేవాళ్ళు.

2023 మాత్రం ఇప్పటికీ గుర్తొస్తే కడుపులో తిప్పుతుంది. ఆ ఏడాది జీఎస్ (జనరల్ స్టడీస్) పేపర్‌లో "పై వాటిలో ఎన్ని సరైనవి" అనే టైపు ప్రశ్నలు కుప్పలు కుప్పలుగా ఇచ్చారు, ఒకటి మాత్రమే, రెండు మాత్రమే అని ఆప్షన్లు, ఇక తప్పు ఆప్షన్లు కొట్టేసుకుంటూ పోయే ఎలిమినేషన్ ఏం పనిచేస్తుంది. అయినా బయటికొచ్చి చూసుకుంటే జీఎస్ కటాఫ్ దాటేశా. పోయింది సీశాట్‌లో, అంటే లెక్కలు, రీజనింగ్ ఉండే రెండో పేపర్‌లో. క్వాలిఫైయింగే కదా, బీటెక్ చదివినోడికి అదెంత అని ఒక్క రోజు కూడా కూర్చోలేదు. 33 శాతం వస్తే చాలు, అంటే 200కి 66. నాకు 61.67. రెండు ప్రశ్నలు, అంతే.

ఆ జూన్‌లో రూమ్ ఖాళీ చేసి ఇంటికెళ్ళిపోయా. ఒక రాత్రి అన్నాలు తింటుంటే నాన్న మళ్ళీ అదే ప్రశ్న, నేను విసుక్కుని "పోయింది నాన్నా, ఎక్కడ పోతే ఏంటి" అన్నా. ఆయన కోప్పడలేదు. "మా దగ్గర సాయంత్రానికి వంద పలకలు పగిలితే వంద పగిలాయని ఊరుకోరు రా, రాయి కోసేటప్పుడు ఎన్ని, రుద్దేటప్పుడు ఎన్ని, చట్రం బిగించేటప్పుడు ఎన్ని, లారీకి ఎక్కించేటప్పుడు ఎన్ని అని విడివిడిగా రాస్తారు, చట్రం దగ్గర పగిలేదానికి రాయి కోసేవాణ్ణి తిడితే ఏం లాభం" అన్నాడు, అని మజ్జిగ పోసుకున్నాడు.

నేను నాలుగేళ్ళుగా చేస్తున్నది అదే కదా. ఎక్కడ పగిలినా ఇంకో పుస్తకం కొనడం.

మర్నాడు పాత పేపర్లు నాలుగూ ముందేసుకుని నా తప్పులన్నీ రాశా. అసలు తెలియక పోయినవి, రెండు ఆప్షన్ల మధ్య ఊగి పోయినవి, ప్రశ్నలో "సరికానిది" అని ఉంటే సరైనది పెట్టి వచ్చినవి, తెలిసీ చివర్లో కంగారులో మార్చినవి. అసలు తెలియనివి నేను అనుకున్నంత లేవు, సగం కూడా లేవు. ఎక్కువ పోయింది రెండింటి మధ్య ఊగినప్పుడు, అందులోనూ మొదట పెట్టిందాన్ని మార్చిన చోటల్లా దాదాపు తప్పే. అప్పట్నుంచి కొత్త పుస్తకం బంద్. వారానికి రెండు మాక్ టెస్టులు, అదీ ఓఎంఆర్ ప్రింటు తీయించి నల్ల బాల్‌పెన్నుతో దిద్ది మరీ, రాయడానికి రెండు గంటలైతే తప్పులు విడదీయడానికి నాలుగు గంటలు పట్టేది. సీశాట్ లెక్కలకి నాన్న ఒక పలక తెచ్చిచ్చాడు, ఇరవై ఏడేళ్ళోడు పలక మీద టైమ్ అండ్ వర్క్ చేసుకుంటుంటే పక్కింటి పిల్లలు వచ్చి నవ్వేవాళ్ళు. కాగితం మీదైతే తప్పు చేసిన స్టెప్పు పక్కన ఇంకోటి గెలికేవాణ్ణి, పలక మీద చోటు తక్కువ కాబట్టి చక్కగా వరసలో చేయడం అలవాటైంది.

2024 జూన్ 16న 82 పెట్టా, ప్రిలిమ్స్ దాటింది. అమ్మ వీధంతా చెప్పింది, నేను వద్దన్నా వినలేదు.

సెప్టెంబర్‌లో మెయిన్స్, అంటే జవాబులు వివరంగా రాసే రెండో దశ. ఇక్కడ కొత్తగా పగలడం మొదలు. నా ఆప్షనల్, అంటే నేను ఎంచుకున్న సబ్జెక్టు, తెలుగు సాహిత్యం, అది ఇష్టంగా చదివినదే, తిక్కన రాయబారం పద్యాలు ఇప్పటికీ బస్సులో వెళ్తూ చదువుకుంటా, దాంతో ఇబ్బంది లేదు. ఇబ్బందంతా జీఎస్‌తో. జీఎస్ మొదటి మూడు పేపర్లలో ఒక్కోదానికి మూడు గంటల్లో 20 ప్రశ్నలు, పది మార్కులవి పది, పదిహేను మార్కులవి పది. మొదటి రోజు ఎస్సే, రెండో రోజు జీఎస్ రెండు పేపర్లు, మూడో రోజు పొద్దున జీఎస్ 3 కి వచ్చేసరికి బొటనవేలు వంగట్లేదు. వచ్చిన ప్రశ్నకల్లా ఇచ్చిన చోటంతా నిండేదాకా రాసుకుంటూ పోయి చివర్లో మూడు ప్రశ్నలు ముట్టుకోకుండానే పేపర్ ఇచ్చేశా. అందులో ఒకటి నీళ్ళ గురించి, మాకు బాగా తెలిసిన సంగతే. డిసెంబర్‌లో వచ్చిన మెయిన్స్ రిజల్ట్ లిస్టులో నా నంబర్ లేదు. ఈసారి నాన్న అడగకముందే నేనే చెప్పా, జీఎస్ 3, చివరి అరగంట అని.

జనవరి నుంచి ప్రతి ఆదివారం తొమ్మిదింటికి కూర్చుని పన్నెండుదాకా లేవకుండా 20 రాస్తున్నా, ఒక్కోదానికి ఎనిమిది నిమిషాలు దాటితే వాక్యం మధ్యలో ఉన్నా వదిలేసి తర్వాతదానికి పోవడమే. మొదట్లో చాలా బాధగా ఉండేది. ఇప్పుడు 20 అయిపోతున్నాయి, బాగున్నాయా అంటే అది వేరే సంగతి.

ఈసారి ప్రిలిమ్స్ సెంటర్ విజయవాడ పెట్టుకున్నా, నాన్న కూడా వస్తానంటున్నాడు. మే నెల ఎండలో స్కూలు బయట నువ్వేం చేస్తావ్ నాన్నా అంటే, "ఐదుసార్లు నువ్వు చూసుకున్నావు గదరా ఎక్కడ పోతోందో, ఒకసారి నన్ను కూడా చూడనీ" అని అప్పుడే బస్సు టికెట్ల సంగతి అడుగుతున్నాడు.