ఛాగస్ వ్యాధి నా గుండె లయను తప్పించిన తీరు: నా అనుభవం

ఉద్యోగరీత్యా బొలీవియాలోని కొచబాంబా లోయలో, మట్టి ఇటుకల ఇంట్లో కొన్నేళ్లు నివసించాను. గోడల పగుళ్లలో దాగి రాత్రివేళ రక్తం పీల్చే వించుకా అనే పురుగు మలంలో ఛాగస్ వ్యాధిని కలిగించే ట్రిపనోసోమా క్రూజీ అనే పరాన్నజీవి ఉంటుందనీ, కుట్టిన చోటును గోక్కున్నప్పుడు అది ఒంట్లోకి చేరుతుందనీ అక్కడే విన్నాను. ఆ ఊరు విడిచిన చాలా ఏళ్లకు, ఏ శ్రమా లేకుండానే గుండె దడదడలాడడం, లేచి నిలబడితే కళ్లు చీకట్లు కమ్మడం మొదలయ్యాయి. మొదట చూసినవారు ఆందోళన అన్నారు.

ఈసీజీలో గుండె విద్యుత్ మార్గపు కుడి శాఖలోనూ, ఎడమ శాఖ ముందు పాయలోనూ అడ్డంకులు కనిపించాక, ఒక హృద్రోగ నిపుణురాలు నేను ఎప్పుడైనా దక్షిణ అమెరికాలో ఉన్నానా అని అడిగారు. నా చికిత్సకు దారి చూపినది ఆ ప్రశ్నే. దీర్ఘకాలిక దశలో పరాన్నజీవి సూక్ష్మదర్శినికి చిక్కడం అరుదు కాబట్టి యాంటీబాడీల కోసం రెండు వేర్వేరు పద్ధతుల్లో రక్తపరీక్షలు చేశారు. రెండూ పాజిటివ్ వచ్చాయి. వ్యాధి సోకినవారిలో సుమారు 20 నుంచి 30 శాతం మందికి, తరచుగా దశాబ్దాల తర్వాత, గుండె దెబ్బతింటుందని అప్పుడే తెలిసింది. గుండె లయను గంటల తరబడి నమోదుచేసే హోల్టర్ పరికరంలో జఠరికల (గుండె కింది గదుల) నుంచి పుట్టే వేగవంతమైన స్పందనల వరుసలు నమోదయ్యాయి.

పరాన్నజీవిని చంపే బెంజ్‌నిడజోల్ అనే మందు వాడదామా అని నేనే అడిగాను. గుండె అప్పటికే దెబ్బతిన్నవారిలో ఆ మందు రక్తంలోని పరాన్నజీవిని తగ్గించినా, గుండె క్షీణతను చెప్పుకోదగినంతగా ఆపలేదని 2015లో వెలువడిన ‘బెనిఫిట్’ అనే పరిశోధన తేల్చిందని ఆమె దాచకుండా చెప్పారు. విని నిరాశ కలిగినా, నిజం చెప్పినందుకు ఆమెపై నమ్మకం పెరిగింది. ప్రాణాంతకంగా లయ తప్పినప్పుడు షాక్ ఇచ్చి సరిచేసే ఐసీడీ అనే పరికరాన్ని ఛాతీలో అమర్చి, గుండె లయను అదుపుచేసే అమియోడరోన్ అనే మందు మొదలుపెట్టారు. ఆ మందు థైరాయిడ్‌నూ కాలేయాన్నీ దెబ్బతీయగలదు కాబట్టి క్రమం తప్పక పరీక్షలు చేయించుకుంటున్నాను.

వ్యాధి గర్భంలోనే తల్లి నుంచి బిడ్డకు సోకగలదని విన్నప్పుడు మాత్రం నా గుండె సంగతే మరిచిపోయాను. బొలీవియా నుంచి వచ్చాక పుట్టిన నా కూతురికి పరీక్ష చేయిస్తే పాజిటివ్ వచ్చింది. చిన్న వయసులో బెంజ్‌నిడజోల్ ఎంతో మెరుగ్గా పనిచేస్తుంది. పైగా ఆడపిల్లకు గర్భధారణకు ముందే చికిత్స చేస్తే ఆమె బిడ్డలకు సోకే ప్రమాదమూ బాగా తగ్గుతుంది. నా కూతురు ఒంటిపై దద్దుర్లు వచ్చినా వైద్యుల పర్యవేక్షణలో మందు పూర్తిచేసింది. ఆమె ఈసీజీలో ఏ లోపమూ లేదు.