సాల్మన్ బాగా కుదిరింది, నా కోపమంతా పొగ మీదే

రాత్రి వండిన సాల్మన్ చర్మం అప్పడంలా కరకరలాడింది. లోపలి కండ రేకులు రేకులుగా విడిపోయింది. జపనీస్ స్టేక్‌హౌస్‌లో మన ఎదుటే కాల్చి పెట్టే రుచి, డాలస్‌లో మా అపార్ట్‌మెంట్ వంటింట్లో సాధించాను. గర్వంగానే చెబుతున్నాను.

చేప కొనడం తేలికే. చర్మంతో ఉన్న నడిమి ముక్కలు, అంగుళం మందానివి, అడిగి తీసుకోండి. తోక వైపువి ఇట్టే ఎండిపోతాయి.

నన్ను ఏడిపించింది పొగ. మొదటిసారి ఒక వంటల వీడియోలో చెప్పినట్టే చేశాను. బాగా కాగిన ఇనుప పెనంలో ముందు వెన్న, వెల్లుల్లి, సోయా సాస్, మిరిన్ (వంటల్లో వాడే తియ్యటి జపనీస్ బియ్యపు సారా) వేసి, ఆపైన చేప పెట్టమన్నాడాయన. నెయ్యి కాచే ఇంట్లో పుట్టినవాళ్ళెవరూ ఇలా చెప్పరు. వెన్నలోని పాలపదార్థం మాడుతుంది, మిరిన్‌లోని చక్కెరా నల్లబడుతుంది. అలారం మోగింది, ఇరుగుపొరుగు వరండాలోకి వచ్చేశారు.

మర్నాడు అపార్ట్‌మెంట్ ఆఫీసు నుంచి ఉత్తరం: ఘాటైన మసాలా వంటలు తగ్గించుకోవాలట! ఉత్తరం పట్టుకుని వెళ్ళాను. ఆ పెనంలో కారం లేదు, ధనియాలు లేవు, పోపు లేదు. అదే చెప్పాను. బల్ల వెనక కూర్చున్నావిడ తల ఎత్తకుండానే, “మీ వంటలు అంతే కదా” అంది. పక్కనే మా అమ్మాయి నిలబడి వింటోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

జపాన్‌లోని కోబేలో మిసోనో అనే హోటల్ 1945లో మొదలుపెట్టిన, మన ఎదుటే పెనం మీద కాల్చే ఈ వంట పద్ధతికి, 1964లో న్యూయార్క్‌లో తెరిచిన బెనిహానా హోటల్‌తో అమెరికాలో పేరొచ్చింది. అక్కడి పెనం మీదా వెన్న, వెల్లుల్లి, సోయా సాసే. డబ్బిచ్చి తినేచోట అది విందు, మా ఇంట్లో నేరమా? ఆ హోటళ్ళలో పెనం పైన పెద్ద హుడ్ ఉండి పొగను బయటికి లాగేస్తుంది. మా పొయ్యి పైన మైక్రోవేవ్‌లో ఉన్న ఫ్యాన్ ఆ పొగనే తిప్పి ఇంట్లోకి వదులుతుంది. అలాంటిది బిగించినవాళ్ళు నాకు ఉత్తరం రాస్తారా? మనిషి ఏం వండాడో కనుక్కోకుండా మొహం చూసి తీర్పు చెప్పడం చదువుకున్నవాళ్ళ పని కాదు.

ఇప్పుడు నేను చేసే పద్ధతి ఇది. చేప ముక్కల తడిని పేపర్ టవల్‌తో పూర్తిగా అద్ది ఉప్పు రాస్తాను. మధ్యస్థమైన మంట మీద పెనంలో కాస్త నూనె వేసి, చర్మం కిందికి వచ్చేలా పెట్టి, ముడుచుకోకుండా అట్లకాడతో కొన్ని క్షణాలు నొక్కుతాను. తర్వాత ముట్టుకోను. చర్మం వేగితే పెనాన్ని తనే వదులుతుంది, బలవంతాన లేపితే చిరుగుతుంది. ఐదారు నిమిషాలకు తిప్పి, రెండో వైపు కొద్దిసేపు ఉంచుతాను. పక్కల నుంచి ఊరే తెల్లటి పదార్థం చేపలోని మాంసకృత్తే, భయం లేదు. పిల్లలు తింటారు కాబట్టి థర్మామీటర్ గుచ్చి లోపల 63 డిగ్రీల సెల్సియస్ వచ్చిందో లేదో చూస్తాను. స్టవ్ కట్టేశాకే వెన్న, వెల్లుల్లి, ఒక చెంచా సోయా సాస్. పెనం వేడికే అవి నురగలు కక్కుతాయి. దాన్ని చేప మీద పోసి, నిమ్మరసం పిండి, వేయించిన నువ్వులు చల్లుతాను. నిన్న అలారం కిక్కురుమనలేదు.

అద్దెకు దిగేముందు పొయ్యి పైన ఫ్యాన్ వేయించి, మైక్రోవేవ్ తలుపు పై అంచున చెయ్యి పెట్టి చూడండి. గాలి చేతికి తగిలిందంటే మీరు వండే పొగంతా ఇంట్లోకే. ఒప్పందం మీద సంతకం పెట్టకముందే ఆ సంగతి ఆఫీసు వాళ్ళను రాతపూర్వకంగా అడగండి.