మామిడి తోటలో కారు కరెంటుతో ఇన్సులిన్ ఫ్రిజ్: నా అనుభవం

ఆగి ఉన్న ఎలక్ట్రిక్ కారు నుంచి చిన్న ఫ్రిజ్ నడపాలనుకునేవారు ఫ్రిజ్ ఎంత కరెంటు తీసుకుంటుందో చూసుకునే ముందు, ఆ కరెంటు ఇవ్వడానికి కారు తనకోసం ఎంత ఖర్చు చేసుకుంటుందో చూసుకోవాలి. కొల్లాపూర్ దగ్గర మామిడి కోతల కాలంలో మా నాయన ఇన్సులిన్‌ను చల్లగా ఉంచే ఏర్పాటు చేసినప్పుడు నేను ఎక్కువగా ఆలోచించవలసి వచ్చింది ఈ రెండో లెక్క గురించే. నాలాంటి అవసరం ఉన్నవారికి పనికొస్తుందని ఆ వివరాలు రాస్తున్నాను.

మేము మహబూబ్‌నగర్‌లో ఉంటాము. కౌలుకు తీసుకున్న తోటలో కోతలు మొదలైతే నాయన అక్కడే ఉండాలి. కాయ దిగేటప్పుడు ఆయన చెట్టు కింద లేకపోవడమన్నది మా ఇంట్లో ఎన్నడూ జరగలేదు. తోటలో బోరు దగ్గర త్రీఫేజ్ మోటారు స్టార్టరు తప్ప మరో కనెక్షన్ లేదు, మేము పడుకునే రేకుల షెడ్డు బోరుకు చాలా దూరం. ఇంకా తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వాడుకలో ఉన్న పెన్నును బయట ఉంచవచ్చు గానీ 30 డిగ్రీలు దాటకూడదు. మే నెలలో ఆ ప్రాంతంలో నీడలోనే 42 డిగ్రీలు ఉంటుంది కాబట్టి మాకు రెండూ ఫ్రిజ్‌లో పెట్టవలసినవే. ఐస్ ముక్కల పెట్టె మీద నాకు నమ్మకం లేదు. ఐసుకు ఆనుకుని ఇన్సులిన్ ఒక్కసారి గడ్డకట్టిందంటే, తరువాత కరిగినా అది పనికిరాదు.

ఫ్రిజ్ ఎంపికలో పెద్దగా తర్జనభర్జన పడలేదు. తక్కువ ధరకు దొరికే, కంప్రెసర్ లేని పెట్టెలు బయటి వేడి కంటే పదిహేను ఇరవై డిగ్రీల మేరకే చల్లబరచగలవు. పాలమూరు ఎండలో అంటే లోపల ఇరవై రెండు నుంచి ఇరవై ఏడు డిగ్రీలన్నమాట. మందుకు అది చాలదు. అందుకని 12 వోల్టుల మీదా, ఇంటి కరెంటు మీదా నడిచే 40 లీటర్ల కంప్రెసర్ ఫ్రిజ్ కొన్నాము. కంప్రెసర్ తిరుగుతున్నప్పుడు అది సుమారు 50 వాట్లు తీసుకుంటుంది, చల్లబడ్డాక ఆగుతుంది, మళ్లీ తిరుగుతుంది. మొత్తం మీద సగటున 25 వాట్లు, రోజుకు 0.6 యూనిట్.

మా కారు బ్యాటరీ 45 యూనిట్లది. దాని ముందు 0.6 యూనిట్ ఏపాటిది అనిపిస్తుంది. అయితే కారులోని 12 వోల్టుల సాకెట్‌కు కరెంటు వచ్చేది ఆ పెద్ద బ్యాటరీ నుంచి నేరుగా కాదు. ముందు భాగంలో పెట్రోలు కార్లలో ఉండేలాంటిదే ఒక చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, పెద్ద బ్యాటరీ దానిని కన్వర్టర్ ద్వారా చార్జ్ చేస్తూ ఉంటుంది. మా కారులో ఈ చార్జింగ్ కారు ఆన్‌లో ఉన్నప్పుడు జరుగుతుంది. ఆపి తాళం వేస్తే సాకెట్‌కు కరెంటు కూడా ఆగిపోతుంది. తాళం వేశాక కూడా సాకెట్ పనిచేసే కార్లు కొన్ని ఉన్నాయి, వాటి విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఆ చిన్న బ్యాటరీ మొత్తం సామర్థ్యమే అర యూనిట్ చుట్టూ ఉంటుంది, అందులోనూ సగానికి మించి వాడితే దానికి చేటు. రాత్రంతా ఫ్రిజ్ నడిచి ఆ చిన్న బ్యాటరీ ఖాళీ అయిపోయిందంటే, పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా తెల్లవారి కారు స్టార్ట్ కాదు, ఎందుకంటే పెద్ద బ్యాటరీని కలిపే స్విచ్చులు పనిచేయడానికి కూడా ఆ 12 వోల్టులే ఆధారం. ఫ్రిజ్ మీద బ్యాటరీ రక్షణకు మూడు స్థాయిల అమరిక ఉంటుంది. కారులో వాడేటప్పుడు దానిని అన్నింటికన్నా పై స్థాయిలో పెట్టాలి. అప్పుడు వోల్టేజి బాగా పడిపోకముందే ఫ్రిజ్ తనంతట తాను ఆగుతుంది. కారును కాపాడటానికి అది మంచిదే, కానీ మందు వేడెక్కుతుంది కదా. అందువల్ల ఆ సాకెట్‌ను ప్రయాణంలో మాత్రమే వాడాలని నిర్ణయించుకున్నాను.

ఇక మిగిలింది వీటూఎల్ (వెహికల్ టు లోడ్), అంటే కారు నుంచి బయటి వస్తువులకు కరెంటు ఇచ్చే సౌకర్యం. చార్జింగ్ పోర్టుకు ఒక అడాప్టర్ తగిలిస్తే, పెద్ద బ్యాటరీ నుంచి ఇంటి కరెంటులాగా 230 వోల్టులు మూడు పిన్నుల సాకెట్‌లోకి వస్తాయి. మన దేశంలో 2023 జనవరిలో వచ్చిన హ్యుందాయ్ అయోనిక్ 5లోనూ, అదే ఏడాది సెప్టెంబరులో కొత్త రూపంలో వచ్చిన టాటా నెక్సాన్ ఈవీలోనూ ఈ సౌకర్యం ఉంది, ఆ తరువాత ఇంకా కొన్ని కార్లలో వచ్చింది. కారు కొనేవారు ఈ సౌకర్యం ఏ మోడల్‌లో ఉందో, అడాప్టర్ కారుతో ఇస్తారో విడిగా కొనాలో షోరూములోనే తేల్చుకోవడం మంచిది.

తోటకు వెళ్లే ముందు ఇంటి దగ్గరే దీనిని పరీక్షించాను. ఎలక్ట్రికల్ దుకాణంలో దొరికే వాట్‌మీటరును అడాప్టర్‌కూ ఫ్రిజ్‌కూ మధ్య పెట్టి, రాత్రి తొమ్మిది గంటలకు కారు తెరమీద బ్యాటరీ శాతం రాసుకుని పడుకున్నాను. తెల్లవారి ఆరు గంటలకు వాట్‌మీటరు 0.2 యూనిట్ చూపింది, కారు బ్యాటరీ మాత్రం నాలుగు శాతం తగ్గింది. నాలుగు శాతమంటే 1.8 యూనిట్లు. ఫ్రిజ్‌లోకి పోయినది అందులో తొమ్మిదో వంతు మాత్రమే. మిగిలినదంతా కరెంటును మార్చే ఇన్వర్టర్‌కూ, మేల్కొని ఉన్న కారు కంప్యూటర్లకూ, కన్వర్టర్‌కూ పోయింది. ఈ ఖర్చు మనం ఎంత చిన్న వస్తువు తగిలించినా ఇంచుమించు అలాగే ఉంటుంది.

ఈ అంకె తెలిశాక రెండు నిర్ణయాలు సులువయ్యాయి. ఎలాగూ రాత్రంతా కారు మేల్కొని ఉంటుంది కాబట్టి, దాని మీదనే నాయన మంచం దగ్గరికి ఒక టేబుల్ ఫ్యాను, షెడ్డులో ఒక ఎల్‌ఈడీ బల్బు కూడా పెట్టాము. దానికి అదనంగా అయినది రాత్రికి ఒక్క శాతం. పగలు మాత్రం మధ్యాహ్నపు ఎండ తీవ్రంగా ఉన్న వేళల్లోనే వీటూఎల్ నడిపి, ఉదయం సాయంత్రం ఆపేశాము. ఫ్రిజ్‌లో ఖాళీ లేకుండా నీళ్ల సీసాలు నింపి పెట్టడం వల్ల, మూత తెరవకుండా ఉంటే కరెంటు లేకపోయినా రెండు గంటల్లో రెండు మూడు డిగ్రీలకు మించి పెరగలేదు.

తిరుగు ప్రయాణపు చార్జ్ సంగతి కూడా ముందే చూసుకున్నాము. జాతీయ రహదారి 44 మీద ఫాస్ట్ చార్జర్ దగ్గర తొంభై శాతం దాకా ఎక్కించుకుని, పెబ్బేరు దగ్గర రహదారి దిగి కొల్లాపూర్ వైపు వెళ్లాము. వీటూఎల్ నలభై శాతం దగ్గర దానంతట అది ఆగిపోయేటట్టు కారు తెరమీద హద్దు పెట్టాను. మళ్లీ చార్జర్ దాకా రావడానికి అందులో సగం కూడా అవసరం లేదు, కానీ రాత్రివేళ నాయనను ఆసుపత్రికి తీసుకుపోవలసి వస్తే కారు సిద్ధంగా ఉండాలి. ఆ విషయంలో నేను పిసినారితనం చూపదలచుకోలేదు.

తోటలో కారును మామిడి చెట్ల నీడలో నిలిపి, మూడు కోర్ల మంచి కేబులుతో షెడ్డులోకి కరెంటు తెచ్చాము. తోట కాపలా చూసే పెద్దాయన ఆ తీగ వెంట కారు దాకా నడిచి వచ్చి, బానెట్ మీద చెయ్యి పెట్టి చూసి, "సారూ, బండి చాలు చెయ్యకుండనే కరంటొస్తదా?" అని అడిగాడు. ఆ తీగనే బోరు స్టార్టరు దగ్గరికి పోనిస్తే మోటారు కూడా తిరుగుతుందా అని ఆయన అనుమానం. తిరగదని, పైగా కారు కరెంటును ఏ లైనుకూ, ఏ ఇంటి వైరింగుకూ కలపకూడదని, కలిపితే స్తంభమెక్కిన మనిషి ప్రాణానికే ముప్పు అని వివరంగా చెప్పాను. వస్తువు ప్లగ్గును నేరుగా సాకెట్‌లో పెట్టడం తప్ప వీటూఎల్‌తో వేరే ప్రయోగం చేయరాదు.

ఫ్రిజ్‌ను కారులో ఉంచకుండా షెడ్డులో, గోడకు జానెడు దూరంలో పెట్టాము. మూసిన కారులో ఎండకు వేడి బయటికంటే చాలా ఎక్కువ పెరుగుతుంది, కంప్రెసర్ వదిలే వేడిగాలికి కూడా దారి ఉండదు. లోపల ఇన్సులిన్ పెన్నులను పలుచటి నూలు గుడ్డలో చుట్టి, ఒక చిన్న స్టీలు డబ్బాలో పెట్టి, చల్లదనం ఎక్కువగా ఉండే పక్క గోడలకు తగలకుండా నీళ్ల సీసాల మధ్య నిలబెట్టాను. ఫ్రిజ్ తెర చూపే అంకె గోడ దగ్గరిది కావచ్చు కాబట్టి, కనిష్ఠ గరిష్ఠ ఉష్ణోగ్రతలను గుర్తుంచుకునే చిన్న థర్మామీటరు తీగను ఆ డబ్బాలోకే పంపాను. ఫ్రిజ్‌ను 4 డిగ్రీలకు పెడితే డబ్బాలో కనిష్ఠం 3, గరిష్ఠం 7 దగ్గర నిలిచాయి. కూలీలు చల్లటి నీళ్లకోసం మూత తీస్తే గరిష్ఠం పెరుగుతుందని వారికి వేరే కుండ పెట్టాము, ఎవరూ ఏమీ అనుకోలేదు.

ఫ్యాను అక్కరలేని కాలంలో తోటకు వెళ్లడానికి ఇప్పుడు ఇంకొక మార్గం కూడా చూసుకుంటున్నాను. అర యూనిట్ సామర్థ్యం గల లిథియం పవర్ స్టేషన్‌ను సాయంత్రం గంట, గంటన్నర వీటూఎల్ మీద నింపి, కారుకు తాళం వేసేస్తే, ఆ పెట్టె ఒక్కటే ఫ్రిజ్‌ను రాత్రంతా నడుపుతుంది. రాత్రికి నాలుగు శాతం బదులు రెండు శాతం లోపే ఖర్చవుతుంది. దాని ధర తక్కువేమీ కాదు గనుక, కోతలకు మాత్రమే వెళ్లేవారికి వీటూఎల్ అడాప్టర్, మంచి కేబులు, వాట్‌మీటరు, థర్మామీటరు ఉంటే సరిపోతాయని నా అభిప్రాయం.