గంజి నీలంగా మారిన రోజు

శనివారం. కాలేజీకి సెలవు. అత్తమ్మ పొద్దున్నే రెండు నూలు చీరలు తీసి పక్కన పెట్టి, "ఇయ్యాల కుక్కర్ వద్దు బిడ్డా, గిన్నెల వండి గంజి వార్చు" అన్నది. కుక్కర్‌కు అలవాటు పడ్డ చెయ్యి నాది. ఫోన్‌లో మాట్లాడుతూ పొయ్యి దగ్గరికి వచ్చేసరికి అన్నం ముద్దయింది. మిర్యాలగూడ వైపు నుంచి వచ్చిన తెలంగాణ సోనా బియ్యం, మా అత్తాపూర్ పక్కనే రాజేంద్రనగర్‌లో రూపుదిద్దుకున్న రకం. బియ్యం తప్పేమీ లేదు.

గంజి మాత్రం చిక్కగా వచ్చింది. ఎనిమిదో తరగతి చదివే మావాడు దెబ్బలకు రాసే అయోడిన్ మందు తెచ్చి, చిన్న గిన్నెలో పొగలు కక్కుతున్న గంజి పోసుకుని అందులో రెండు చుక్కలు వేశాడు. ఏమీ కాలేదు. "పుస్తకంలో నీలం వస్తుందని రాశారు, అబద్ధం" అన్నాడు. ఆగమన్నాను. ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్పే నాకు ఇలాంటి అవకాశం దొరికితే ఊరుకుంటానా?

గంజిలో ఉండేది స్టార్చ్, అంటే గ్లూకోజు గొలుసులతో కట్టిన పిండి పదార్థం. ఆకులో తయారైన చక్కెర గింజకు చేరి గ్లూకోజుగా మారుతుంది. ఆ గ్లూకోజు తనంతట తాను గొలుసులో చేరదు. మొక్క ఏటీపీ (కణంలో శక్తిని మోసే అణువు) ఖర్చు పెట్టి ముందు దానికి ఏడీపీ అనే చిన్న అణువును పిడిలా తగిలిస్తుంది. స్టార్చ్ సింథేజ్ అనే ఎంజైము ఆ గ్లూకోజును గొలుసు చివర అతికించి పిడిని వదిలేస్తుంది. ఒక్కో గ్లూకోజుకూ ఇదే తంతు. చక్కెరలకు ఇలాంటి పిడులు ఉంటాయని కనిపెట్టినందుకే అర్జెంటీనా శాస్త్రవేత్త లూయీ లెలోయిర్‌కు 1970లో కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చారు.

"ఇంత కష్టం దేనికి? గ్లూకోజునే దాచుకోవచ్చుగా?" అన్నాడు. మంచి ప్రశ్న, మా క్లాసులో ఎవరూ అడగరు. విడి గ్లూకోజు అంత పోగైతే కణంలోకి నీళ్లు లాగేస్తుంది. వేల గ్లూకోజులను ఒక్క గొలుసుగా కడితే ఆ బాధ ఉండదు.

గొలుసులు రెండు రకాలు. దాదాపు కొమ్మల్లేని అమైలోజ్ స్ప్రింగులా చుట్టుకుంటుంది. అమైలోపెక్టిన్‌కు సుమారు 20, 30 గ్లూకోజులకు ఒక కొమ్మ. ఆ కొమ్మ వేసే ఎంజైము పని నాకు భలే ఇష్టం. కట్టిన గొలుసులోనే ఒక ముక్క తెంపి, పక్కకు తిప్పి అంటిస్తుంది. అడ్డదిడ్డంగా వచ్చిన కొమ్మలను కత్తిరించడానికి ఇంకో ఎంజైము ఉంది. అది పాడైన మొక్కజొన్నలో పిండి సరిగ్గా పేరుకోక చక్కెర మిగిలిపోతుంది. పాత స్వీట్‌కార్న్ రకాల తీపి అలా వచ్చిందే. అన్నం పొడిపొడిగా రావాలంటే అమైలోజ్ ఎక్కువుండాలి. బంక బియ్యంలో అది ఉండీ లేనట్టే. నా ముద్దకు ఆ వంక చెప్పుకోవడానికి లేదు, అది ఫోన్ పుణ్యం.

ఈలోగా గంజి చల్లారింది. అంచుల నుంచి మొదలై గిన్నెంతా ముదురు నీలం. మావాడు "అమ్మా!" అని అరిచాడు. అమైలోజ్ స్ప్రింగు లోపల అయోడిన్ దూరితేనే ఆ నీలం. వేడికి స్ప్రింగు వదులై అయోడిన్ జారిపోతుంది, చల్లారితే మళ్లీ లోపలికి దూరుతుంది. వాడు నమ్మక మళ్లీ వేడి చేశాడు. రంగు పోయింది. చల్లార్చాడు. వచ్చింది. ఇలా మూడుసార్లు.

ఆకుల్లో స్టార్చ్ ఇంకో రకం కథ. పగలు దాచుకున్నది రాత్రి ఖర్చవుతుంది. ఆవాల కుటుంబానికి చెందిన అరాబిడాప్సిస్ అనే చిన్న మొక్క తెల్లవారేసరికి నిల్వలో 95 శాతం దాకా వాడేస్తుంది. చీకటి ముందుగా పడితే ఖర్చు వేగం తగ్గించుకుని సరిగ్గా తెల్లారేదాకా సర్దుకుంటుంది. నా జీతం ఇరవయ్యో తారీఖు దాటదు.

ఇదంతా వాడికి చెబుతుంటే గమనించలేదు, రెండోసారి గిన్నెలో గంజి తక్కువైందని సీసాలో మిగిలిన మందంతా వాడు పెద్ద గిన్నెలోనే పోశాడు. మధ్యాహ్నం కునుకు తీసి లేచిన అత్తమ్మ చీరలు పట్టుకుని వచ్చి మూత తీసింది.

"గంజిల ఉజాలా కలిపినవా ఏంది బిడ్డా?"

చీరలు మళ్లీ బీరువాలోకి వెళ్లాయి. రేపు ఇంకోసారి వార్చాలి.