త్రిపురాంతకం నుంచి ఇష్టకామేశ్వరి దాకా

ఒంగోలు వైపు నుంచి శ్రీశైలం పోయేవాళ్ళలో చాలామంది దోర్నాల దాటగానే కారు అద్దాలు ఎత్తేసి, ఘాట్ రోడ్డు ఎప్పుడు అయిపోతుందా అని చూస్తుంటారు. నా లెక్కలో ఆ అడవి కూడా క్షేత్రమే. అందుకే అమ్మను తీసుకుని బయల్దేరేటప్పుడు మామూలు వరస మార్చాను. ముందు త్రిపురాంతకం, తర్వాత అడవి, ఆఖర్న మల్లన్న.

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించింది ఏ నెలలో పోవాలన్నదాని గురించే. జూలై నుంచి సెప్టెంబరు ఆఖరు దాకా పులులు జతకట్టే కాలమని సఫారీలు ఆపేస్తారు, అడవి లోపలున్న ఇష్టకామేశ్వరి అమ్మవారి గుడి దారి కూడా మూసేస్తారు. కార్తీకంలో జనం. శివరాత్రికైతే ఆ కొండ మీద కాలు పెట్టే చోటుండదు. ఎండాకాలంలో నీళ్ళ కోసం జంతువులు బయటికొస్తాయి, బాగా కనపడతాయి, నిజమే. కానీ డెబ్బై దాటిన మనిషిని మార్కాపురం ఎండల్లో తిప్పడానికి నాకు మనసొప్పలేదు. ఇక మిగిలింది పుష్యం. "శూన్యమాసంలో యాత్రేంటి వదినా" అని మా మేనత్త అంటే, "పోయేది పెళ్ళికా? స్వామి దగ్గరికేగా" అంది అమ్మ. దాంతో ఖాయమైంది.

చీమకుర్తి, పొదిలి మీదుగా మార్కాపురం. చెన్నకేశవుడి దర్శనం చేసుకుని, అక్కడ ఎక్కువసేపు ఆగకుండా త్రిపురాంతకం చేరాం.

శ్రీశైలానికి నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు: ఉత్తరాన ఉమామహేశ్వరం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, తూర్పున త్రిపురాంతకం. ఒంగోలు వైపు నుంచి పోయేవాళ్ళకి ఇదే వాకిలి. వాకిట్లో ఆగకుండా నేరుగా లోపలికి పోవడం నాకెప్పుడూ బాగుండేది కాదు. కొండ మీద త్రిపురాంతకేశ్వరుడు, కింద చెరువులో బాలాత్రిపురసుందరి. కొండ మీది గుడిని శ్రీచక్రం ఆకారంలో కట్టారని చెబుతారు. కాకతీయుల కాలం నాటి శాసనాలున్నాయి. రాతి మీద అరిగిపోయిన ఆ అక్షరాల మీద అమ్మ వేలు పెట్టి ఒక్కొక్కటే కూడబలుక్కుంది. చదవడం రాకపోయినా కదిలిరాలేదు. పెద్ద గుళ్ళలో ఇట్లా నింపాదిగా నిలబడే వీలే ఉండదు.

రాత్రికి దోర్నాలలో ఉన్నాం. ప్లాన్ వేసుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. అడవి దారిలో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లను వదలరు. జంతువులు రోడ్డు దాటే వేళ అది, వాటి బతుకు కోసం పెట్టిన నిబంధన. గేటు దగ్గర నిలబడి సిబ్బందితో వాదించేవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది.

పొద్దున్నే తుమ్మలబైలు. అక్కడి చెంచుగూడెం దగ్గర అటవీశాఖ వాళ్ళ జంగిల్ సఫారీ ఉంది. ఈ నల్లమల 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యమంటే విస్తీర్ణంలో దేశంలోని పులుల అభయారణ్యాలన్నిటికన్నా పెద్దది. మాతో వచ్చిన చెంచు గైడు నలభై ఏళ్ళ మనిషి. "అవ్వా, సెంటు కొట్టుకోలేదు గదా? మాటలు తగ్గించాల" అన్నాడు. అమ్మ తల ఊపి, జపమాల కొంగులో పెట్టుకుని కూర్చుంది.

జీపు కాస్త దూరం పోయి ఆగింది. పైన నల్లమద్ది కొమ్మల్లో కొండముచ్చుల గుంపు. అవి ఆకులు సగం తిని సగం కిందికి వదిలేస్తున్నాయి. కింద ఏడెనిమిది దుప్పులు ఆ రాలిన ఆకుల్నే మేస్తున్నాయి. చెట్టు మీది వాటికి చూపు దూరం ఆనుతుంది, కింది వాటికి వాసన, చప్పుడు బాగా తెలుస్తాయి. ఎవరికి ముందు అనుమానమొస్తే వాళ్ళు కేక వేస్తారు, రెండు గుంపులూ తప్పించుకుంటాయి. గైడు ఇదంతా గుసగుసగా చెప్పాడు. పులి కోసం తిరిగే జీపులు ఇక్కడ ఒక్క నిమిషం కూడా ఆగవట. మేం చాలాసేపు ఆగాం. ఒక దుప్పి పిల్ల తల్లి కడుపు కింద దూరి మమ్మల్నే చూస్తూ నిలబడింది. దాని చెవి అంచున జోరీగ వాలినప్పుడల్లా చెవి విదిలించేది తప్ప కాలు కదపలేదు.

ఇంకాస్త ముందుకు పోతే సాసర్ పిట్. ఎండల్లో ట్యాంకర్లతో నీళ్ళు పోసే గుండ్రటి సిమెంటు తొట్టి అది. దాని పక్క బురదలో పులి అడుగుంది. మగపులి అడుగు నలుపలకగా, ఆడదాని అడుగు కాస్త పొడుగ్గా ఉంటుందని, ఇది ఆడదేనని చెప్పాడు గైడు. పులి మాత్రం కనపడలేదు. చేతులు జోడించి అమ్మ ఆ అడుగుకే దణ్ణం పెట్టుకుంది. అమ్మవారి వాహనం గదా!

ఇష్టకామేశ్వరి ఉన్నది నెక్కంటి అడవిలో. సొంత కార్లు పనికిరావు, అటవీశాఖ అనుమతించిన జీపులోనే పోవాలి. సీట్లు తక్కువ కాబట్టి ముందే అడిగి పెట్టుకోవడం మంచిది. దారి అనడానికి లేదు, అంతా బండలే. అమ్మ నడుము కింద దుప్పటి మడతేసి, ఒక చేత్తో పట్టుకుని కూర్చున్నాను. నడుం నొప్పి, గుండె జబ్బు ఉన్నవాళ్ళను, నిండు గర్భిణుల్ని తీసుకెళ్ళొద్దు. మొక్కు ఉన్నా సరే, వద్దు.

జీపు దిగి కొంచెం నడిస్తే గుడి. గోపురం లేదు, హంగూ లేదు. చిన్న వాకిట్లోంచి వంగి లోపలికి పోతే దీపం వెలుగులో నాలుగు చేతుల తల్లి. ఆమె నుదుట మనమే బొట్టు పెట్టొచ్చు. అప్పుడు రాయిలా కాక మనిషి నుదురులా మెత్తగా తగులుతుందని నమ్మకం. అమ్మ బొట్టు పెట్టి, వేలు తియ్యకుండా అలాగే ఉండిపోయింది. వెనక క్యూ లేదు, "కదలండి కదలండి" అనే గొంతు లేదు. బయటికొచ్చాక ఏం కోరుకున్నావని అడిగితే, "కోరడం మర్చిపోయాన్రా" అంది.

ఒక్క సంగతి మాత్రం మనసుకు కష్టంగా ఉంది. తిరుగుదారిలో ఒక జీపులో స్పీకరు పెట్టి భక్తి పాటలు మోగించుకుంటూ వచ్చారు. గుడి ముందు చెట్ల కింద బిస్కెట్ ప్యాకెట్ల కవర్లు. దేవి మీద భక్తి ఉన్నవాళ్ళే ఆమె ఇంటిని ఇట్లా చేస్తే ఎవరితో చెప్పుకోవాలి? చెంచులు తరతరాలుగా ఈ అడవిలో ఉంటూ మల్లన్నను తమ ఇంటి అల్లుడిగా కొలుస్తున్నారు. అల్లుడి ఊరికి పోతూ దారంతా చెత్త పోయడమేంటి? గైడు మాట్లాడకుండా ఆ కవర్లన్నీ ఏరి సంచిలో వేసుకుంటుంటే మేమూ దిగి ఏరాం.

సాయంత్రానికి శిఖరేశ్వరం దగ్గర ఆగి, నంది దగ్గర నువ్వులు వేసి, కొమ్ముల మధ్య నుంచి గుడి శిఖరం వెతికాం. మల్లన్న దర్శనం రాత్రికి అయింది.

దసరా సెలవుల్లో పోదామని మా చెల్లెలు అడుగుతోంది. అప్పటికి అడవి తెరిచి ఉంటుంది, వానలకి పచ్చగా ఉంటుంది, వాగులూ పారుతుంటాయి. పిల్లలు చిన్నవాళ్ళు కాబట్టి నెక్కంటి వద్దని, తుమ్మలబైలు చాలని చెప్పాను. త్రిపురాంతకం మాత్రం మానొద్దన్నాను. దోర్నాలలో రూము నేను మాట్లాడి పెడతాను.